పెరుగన్నం లేని నాలుగేళ్లు

చేపలు మానేయడం నాకు కష్టం కాలేదు. ఈ మాట చెబితే మా వాళ్లు ఇప్పటికీ నమ్మరు. పాలకొల్లుకూ నరసాపురానికీ మధ్య కాలువ గట్టున మా ఊరు. ఇంటి వెనక కొబ్బరితోట, దాని వెనక మా ఆయన రొయ్యల చెరువు. పుస్తెలు అమ్ముకుని అయినా పులస తినాలనే సామెత పుట్టిన నేల ఇది. ఇలాంటి చోట కోడలు చేప ముట్టనంటే ఊరు చెప్పుకోకుండా ఉంటుందా? చెప్పుకుంది. కానీ నన్ను ఏడిపించింది చేప కాదు, పెరుగు. ఆఖర్న పెరుగు కలుపుకోకుండా కంచం ముందు నుంచి లేవడమంటే ఏమిటో నలభై ఒకటో ఏట తెలిసింది. చెయ్యి కడుక్కున్నాక కూడా ఏదో మరిచిపోయినట్టు వంటింట్లో తిరిగేదాన్ని. కడుపు నిండేది, భోజనం మాత్రం ముగిసేది కాదు.

మొదలుపెట్టింది 2021 కార్తీకమాసంలో. ఆ నెల మా ఇంట్లో ఎలాగూ నీచు వండరు కాబట్టి సగం దారి అప్పటికే వేసి ఉంది. మిగతా సగానికి కారణం మా గేదె. ఆ ఏడు దసరా వెళ్లాక ఈనింది. దున్నదూడ. పెయ్య పుడితే పాలు విడుస్తారు, దున్న పుడితే పొదుగు దగ్గరకు రెండు నిమిషాలు వదిలి లాగేస్తారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. పదకొండో రోజు అది చచ్చిపోయింది. పాలు పితికే అతను దాని తోలులో గడ్డి కూరి పట్టుకొచ్చి గేదె ముందు నిలబెట్టాడు. గేదె దాన్ని నాకుతూ పాలు చేపింది. ఆ పాలతోనే ఇంట్లో జున్ను తరవాత మొదటి పెరుగు తోడు పడింది. నేను తినలేకపోయాను. ఇదేదో పెద్ద సిద్ధాంతమని అప్పుడు అనుకోలేదు, గొంతు దిగలేదు, అంతే.

విశాఖపట్నంలో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోనులో విని, "అమ్మా, నువ్వు వీగన్ అయిపోయావు" అంది. మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా వదిలేసేవారిని అలా అంటారట. 1944లో ఇంగ్లండులో పుట్టిన మాట. నాకు ఆ పేరు నచ్చలేదు కానీ వేరే పేరు దొరకలేదు. శాకాహారం అంటే మన దగ్గర పాలూ నెయ్యీ లేకుండా ఊహించలేం కదా.

ఆరోగ్యం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. పెళ్లికి ముందు నుంచీ నాకు పీసీఓడీ, అంటే హార్మోన్లు తారుమారై నెలసరి గతి తప్పే అండాశయాల సమస్య, ఉంది. నెలసరి నలభై అయిదు రోజులకో అరవై రోజులకో వచ్చేది, వచ్చినప్పుడు వారం రోజులు కుమ్మరించేది. అప్పటికి ఆరేళ్లుగా దానికోసం మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నాను. బరువు 74 కిలోలు. చెడ్డ కొలెస్టరాల్, అంటే ఎల్‌డీఎల్, 162. మా నాన్న గుండెపోటుతో పోయారు. కాబట్టి దూడ ఒక కారణమైతే, భయం ఇంకో కారణం.

మొదటి నాలుగు నెలలు గడిచాక ఎంతో ఆశగా రక్తపరీక్ష చేయించుకుంటే ఎల్‌డీఎల్ 155. ఇన్ని మానేస్తే ఇంతేనా అని నీరసం వచ్చింది. తప్పు ఎక్కడుందో భీమవరంలో డాక్టరమ్మ ఒక్క ప్రశ్నతో పట్టుకుంది. "పాల బదులు ఏం వాడుతున్నారమ్మా?" కొబ్బరిపాలు. ఇంకేం వాడతాను? దొడ్లో రాలిన కాయ, రుబ్బి పిండుకోవడమే. టీలో కొబ్బరిపాలు, కూరలో కొబ్బరిపాలు, పాయసంలో కొబ్బరిపాలు. అది చెట్టు నుంచి వచ్చిందే, అందులో కొలెస్టరాల్ చుక్క లేదు, కానీ దాని కొవ్వులో ఎక్కువ భాగం వెన్నలాగే గడ్డకట్టే రకం. ఒంట్లో చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచేది ఆ రకమే. జంతువు నుంచి రానిదల్లా గుండెకు మంచిదని నాకు నేనే చెప్పేసుకున్నానన్న మాట. కోనసీమ వాళ్లకు ఈ మాట రుచించదని తెలుసు, నాకూ రుచించలేదు. కొబ్బరిపాలను పండగలకు పరిమితం చేసి, తాలింపులకు పప్పునూనె (మా వైపు నువ్వులనూనెను అలాగే అంటారు) కొలిచి వాడటం మొదలుపెట్టాక, మరో నాలుగు నెలలకు 121కి దిగింది. బరువు 67. పప్పులు, ఆకుకూరలు, దంపుడు బియ్యంలో ఉండే పీచు వల్ల ఏళ్ల నాటి మలబద్ధకం పోయింది. మధ్యాహ్నం కళ్లు మూతలు పడటం తగ్గింది. నెలసరి ముప్పై మూడు, ముప్పై అయిదు రోజులకు వచ్చి నిలబడింది. ఇదంతా తిండి మహిమే అని మాత్రం అనను. అదే సమయంలో రోజూ సాయంత్రం కాలువ గట్టున గంటసేపు నడవడం మొదలుపెట్టాను. బరువు తగ్గితే పీసీఓడీ దారికి వస్తుంది, ఆ బరువు ఎందుకు తగ్గిందో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

ఇంట్లో వాళ్ల కోసం వండటం మానలేదు. ఉప్పు చూడకుండా చేపల పులుసు పెట్టడం ఎంత కష్టమో వంట తెలిసిన వాళ్లకే అర్థమవుతుంది. ఇరవై ఏళ్ల చేతి అలవాటు ఉన్నా, అరచేతిలో చుక్క వేసుకుని నాకితే తప్ప నమ్మకం కుదరదు. మా అత్తగారే రుచి చూసేవారు. "మీ ఆవిడ వండుతుందట, నేను నాకాలట" అని కొడుకుతో మేలమాడుతూనే చూసేవారు. పెళ్లిళ్లలో ఇంకో తంటా. పప్పులో నెయ్యి, పులిహోర మీద నెయ్యి, పూతరేకుల పొరపొరకూ నెయ్యి. ఒక పెళ్లిలో ఆవకాయా అన్నమూ తిని వచ్చాను. గుడిలో ప్రసాదం వద్దనడానికి నోరు రాలేదు, ఇప్పటికీ రాదు. అన్నవరం ప్రసాదం వస్తే వేలికొసంత తీసుకుని కళ్లకద్దుకుంటాను. దీన్ని తప్పంటే అననీ.

పెరుగు కోసం పడిన పాట్లు రాయాలంటే ఒక పూట చాలదు. కొబ్బరిపాలతో తోడు వేస్తే విరిగి, పైన కొవ్వు, కింద నీళ్లు. సోయాపాలు వాసన. చివరికి వేరుసెనగ గుళ్లతో కుదిరింది. ఒక కప్పు గుళ్లు రాత్రంతా నానబెట్టి, పొట్టు వలిచి, మెత్తగా రుబ్బి, మూడు కప్పుల నీళ్లతో పలచన చేసి బట్టలో వడకట్టాలి. సన్నసెగ మీద కలుపుతూ కాచాలి, వదిలేస్తే అడుగంటుతుంది. గోరువెచ్చగా అయ్యాక తోడుకు పెరుగు లేదు కదా, ఏడెనిమిది పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూత పెట్టాలి. తొడిమలకు అంటుకుని ఉండే సూక్ష్మజీవులే తోడు. వేసవిలో తెల్లారేసరికి తోడుకుంటుంది, సంక్రాంతి రోజుల్లో బియ్యం డబ్బాలో పెట్టి బతిమాలుకోవాలి. ఆ మొదటి పెరుగుతో రెండోసారి తోడు వేస్తే ఇంకా గట్టిగా వస్తుంది. ఉప్పు, అల్లం, కరివేపాకు తాలింపు పెడితే మజ్జిగ అన్నం తిన్నట్టే ఉంటుంది. మా అత్తగారు ఒక చెంచా నోట్లో వేసుకుని, "పులిసిన పచ్చడికి పెరుగని పేరు పెట్టావమ్మా" అన్నారు. నిజానికి ఆవిడ అన్నదే రైటు. కానీ నాకు అది చాలు. భీమవరం దుకాణాల్లో ఇప్పుడు ఆకుపచ్చ 'వి' గుర్తుతో పాకెట్లు కనిపిస్తున్నాయి. ఆ గుర్తు 2022లో కేంద్రం తెచ్చిన నిబంధనల వల్ల వచ్చింది. బాదంపాలు లీటరు ధర చూసి మళ్లీ అరలో పెట్టేశాను.

ఇంతవరకూ చదివి, అంతా బాగానే ఉంది కదా అనుకోకండి. దెబ్బ 2022 చివర్లో తగిలింది.

మొదట నాలుక. కారం తగిలితే మండిపోయేది, అద్దంలో చూస్తే నున్నగా ఎర్రగా ఉంది. తరవాత మెట్లెక్కితే ఆయాసం. జుట్టు చేతికి వచ్చేది. పరీక్షలో హిమోగ్లోబిన్ 10.1. ఆడవాళ్లకు 12 కన్నా తక్కువైతే రక్తహీనత అంటారు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 57 శాతం మందికి అది ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. వాళ్లలో వీగన్లు ఎంతమంది ఉంటారు చెప్పండి? కాబట్టి నాకు కూడా ఇది మామూలే అనుకున్నాను. ఇంట్లో ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి. ఎవరినీ అడక్కుండా నాకు నేనే వేసుకోవడం మొదలుపెట్టాను.

మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11.6 అయింది. గెలిచాననుకున్నాను. కానీ కాళ్ల వేళ్లలో చీమలు పాకుతున్నట్టు తిమ్మిరి మొదలైంది. రాత్రిపూట అరికాళ్లు మంటలు. ఒకరోజు వంటింట్లోంచి బయటికి వస్తే ఒక కాలి చెప్పు ఊడిపోయి చాలా దూరం వెనక ఉంది. ఊడిన సంగతే నాకు తెలియలేదు. అప్పుడు భయం వేసింది.

డాక్టరమ్మ బి12 విటమిన్ పరీక్ష రాసింది. 118 వచ్చింది. 200 కింద ఉంటే లోపమే.

తప్పు ఎలా జరిగిందో ఆవిడ కాగితం మీద గీసి చూపించింది. బి12ను మొక్కలు తయారుచేయవు, సూక్ష్మజీవులు చేస్తాయి, మనకు అది పాలు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారా అందుతుంది. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మానేసిన వెంటనే ఎవరికీ తెలియదు. నాది ఏడాదికే అడుగంటింది. ఎందుకంటే ఆరేళ్లకు పైగా వాడుతున్న మెట్‌ఫార్మిన్ బి12ను పేగుల్లో సరిగ్గా పీల్చుకోనివ్వదు. అంటే నేను నెయ్యీ పెరుగూ తింటున్న రోజుల్లోనే డబ్బా ఖాళీ అవుతూ ఉందన్న మాట. పైగా ఐరన్ లోపం ఎర్ర కణాలను చిన్నవిగా చేస్తుంది, బి12 లోపం పెద్దవిగా చేస్తుంది. రెండూ ఒకేసారి ఉంటే సగటు పరిమాణం 'నార్మల్' అని కాగితం మీద వస్తుంది. నాకు అలాగే వచ్చింది. ఇక నేను గొప్పగా మింగిన ఫోలిక్ యాసిడ్ ఏం చేసిందంటే, రక్తాన్ని బాగుచేసి నరాలను గాలికి వదిలేసింది. బి12 లేకపోయినా ఫోలిక్ యాసిడ్‌తో రక్తం కొంత కోలుకుంటుంది, నరాల పైపొర మాత్రం కోలుకోదు. ప్రమాద గంట మోగకుండా నోట్లో గుడ్డ కుక్కినట్టు.

ఇంకో సంగతి. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసే దారి చూపిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది 1895లో, ఆ భీమవరంలోనే. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆయన కూడా దాని బారిన పడి బయటపడ్డారు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు పనిచేసే మందును ఆయన బృందమే 1945లో అమెరికాలో తయారుచేసింది. ఆయన 1948లో చనిపోయారు. బి12ను ఎర్రటి స్ఫటికాలుగా వేరుచేసింది కూడా ఆ ఏడే. ఆయన ఊరికి దగ్గర్లోనే కూర్చుని ఆయన మందును తప్పుగా వాడి ఈ రెండింటి మధ్య తేడాను నా అరికాళ్లతో నేర్చుకున్నాను.

సూదిమందు దానిమ్మ రసం రంగులో ఉంది. మొదట రోజు విడిచి రోజు, తరవాత వారానికొకటి, తరవాత నెలకొకటి, ఇప్పుడు రోజూ ఒక మాత్ర. నాలుక రెండు వారాల్లో మామూలైంది. తిమ్మిరి తగ్గడానికి అయిదు నెలలు పట్టింది. కుడికాలి చిటికెన వేలు ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది. ఇంకో ఏడాది ఆలస్యం చేసి ఉంటే అది ఒక్క వేలితో ఆగేది కాదని ఆవిడ చెప్పింది. మొదట్లో నేను విన్న ఒక ఉపన్యాసంలో, ప్రకృతి ఆహారం తినేవారికి మాత్రలు అక్కర్లేదు, కడగని ఆకుల మీద బి12 ఉంటుంది అన్నారు. రొయ్యల చెరువుల నీళ్లు పారే మా దొడ్లో కడగని ఆకు తింటే బి12 సంగతేమో గానీ నులిపురుగులు ఖాయం. ఈ ఒక్క విషయంలో నాకు ఎవరితోనూ రాజీ లేదు. పాలు కూడా మానేస్తే బి12 మాత్ర వేసుకోవాల్సిందే.

ఆ రోజే డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడిగింది. "రోజూ పప్పు తింటున్నానన్నారు. ఎంత?"

నాకు జవాబు తెలియలేదు. మా ఆయనకు ఎన్ని గరిటెలు కావాలో తెలుసు. అత్తగారికి ఎంత పలచగా కావాలో తెలుసు. సెలవులకు వచ్చిన పిల్ల ఎంత వదిలేస్తుందో తెలుసు. నాది? గిన్నెలో మిగిలినంత. ఇరవై ఏళ్లుగా అంతే. చేపలు తిన్న రోజుల్లో కూడా అంతే.

మా అమ్మాయి ఒక చిన్న తూకం పంపించింది, చదువు అయిపోయిన పాత నోటు పుస్తకం తీశాను. వారం రోజులు నా కంచంలోకి వచ్చిందంతా తూచి రాశాను. ఇంట్లో అందరికీ పెట్టాక నా వంతు కందిపప్పు, పచ్చిదైతే 18 గ్రాములు. రోజు మొత్తం మీద మాంసకృత్తులు 34 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాములు, అంటే నాకు 55 దాకా కావాలి. కాల్షియం వెయ్యి మిల్లీగ్రాములకు గాను నాలుగు వందలు కూడా లేదు. ఐరన్ మగవారికి 19 మిల్లీగ్రాములు చాలు, నెలసరి ఉన్న ఆడవాళ్లకు 29 కావాలట. మగవాళ్లు తిన్నాక మిగిలింది తినేవాళ్లకే ఎక్కువ కావాలని లెక్క చెబుతోంది. ఆ పేజీ చూసి చాలాసేపు కూర్చున్నాను. నేను పాలు మానేసినందుకు ఇలా అయిందని ఊరంతా అంది. కొంత నిజమే. కానీ అసలు ఆ కంచాన్ని అంతకు ముందు ఎవరూ లెక్క చూడలేదు, నేనే చూడలేదు.

తరవాత మార్పులు చేసుకున్నాను. పప్పు ఉడకగానే నా వంతు ముందే చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టడం మొదటిది. చెప్పుకోవడానికి చిన్న పని, చేయడానికి మాత్రం మొదటి వారం దొంగతనం చేస్తున్నట్టుంది. పొద్దున రాగి జావ. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల అరవై మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది. నువ్వుల్లో అంతకు మూడింతలకు పైనే. అయితే నేను మొదట కొన్నవి పొట్టు తీసిన తెల్ల నువ్వులు, కాల్షియం ఉండేదేమో పొట్టులో! ఇప్పుడు పొట్టుతో ఉన్న వాటిని వేయించి పొడి కొట్టుకుంటాను, బెల్లంతో దంచి చిమ్మిలి చేసుకుంటాను. పెద్దమనిషి అయిన పిల్లలకు చిమ్మిలి ఎందుకు పెట్టేవారో ఇప్పుడు తెలుస్తోంది. పెట్టి ఊరుకోకుండా ఆ తరవాత కూడా పెడుతూ ఉంటే బాగుండేది. పాలకూరలో కాల్షియం ఉన్నా దానిలోని ఆక్జాలేట్ ఒంటికి పట్టనివ్వదు, మునగాకు నయం. అవిసె ఆకు కూడా. ఇక్కడ ఒక తికమక: బజార్లో అవిసె గింజలు అని అమ్మేవి వేరే మొక్కవి. ఒమేగా కొవ్వుల కోసం నేను రోజూ ఒక చెంచా పొడి వేసుకునేది ఆ గింజలే. అవిసె చెట్టు గింజలు కావు. మా పక్కింటావిడ చెట్టు గింజలు దూయబోతుంటే ఆపాను.

ఉలవలు మా వైపు పశువులకు ఉడకబెట్టేవారు. ఉలవచారు పెళ్లిళ్లలో మీగడ వేసి వడ్డిస్తారు. నేను మీగడ లేకుండా తాగుతాను, ఉడికిన ఉలవలను గేదెకు వేయకుండా గుగ్గిళ్లు చేసుకుంటాను. పాపం గేదె ఇక్కడా నష్టపోయింది. ముప్పై గ్రాముల మీల్‌మేకర్‌లో పదిహేను గ్రాముల మాంసకృత్తులుంటాయి, వారంలో మూడు రోజులు కూర. మా ఆడపడుచు థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది, ఆవిడకు డాక్టరు మాత్రకూ సోయాకూ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచమన్నారు. ఉప్పు విషయంలో నేను వెనక్కి రావాల్సి వచ్చింది. కల్లుప్పు మంచిదని ఎవరో అంటే ఏడాదిపాటు అదే వాడాను. చేపలూ పాలూ లేనప్పుడు అయోడిన్‌కు మిగిలిన దారి అయోడిన్ కలిపిన ఉప్పే అని తెలిశాక కల్లుప్పును ఊరగాయలకు వదిలేశాను.

అన్నిటికన్నా నవ్వొచ్చేది టీ సంగతి. కొబ్బరిపాలు కూడా తగ్గించాక నేను నల్లటి డికాక్షను తాగడం మొదలుపెట్టాను, అదీ భోజనం అవగానే, పెరుగన్నం లేని వెలితిని పూడ్చుకోవడానికి. రోజుకు మూడుసార్లు. మొక్కల నుంచి వచ్చే ఐరన్ అసలే ఒంటికి కొంచెంగా పడుతుంది, టీలోని వగరు పదార్థాలు ఆ కాస్తనూ పట్టనివ్వవు. అంటే పొద్దుటి నుంచి ఏరి వండిన తోటకూరను మధ్యాహ్నం టీతో కడిగేస్తున్నానన్న మాట. ఇప్పుడు టీ భోజనానికి గంటన్నర దూరం. దాని స్థానంలో, దించిన పప్పులో నిమ్మకాయ పిండుకుంటాను. వండేటప్పుడు పిండితే వేడికి సి విటమిన్ చాలావరకు పోతుంది, కంచంలో పిండాలి. హిమోగ్లోబిన్ ఇప్పుడు 12.4.

ఎముకల సంగతి మాత్రం నాకు ఇంకా బెంగే. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2020లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో, మాంసం తినేవారికన్నా వీగన్లకు ఎముకలు విరిగే ప్రమాదం 43 శాతం ఎక్కువని తేలిందని డాక్టరమ్మ చెప్పింది. కాల్షియం, మాంసకృత్తులు తక్కువ తినడం, బరువు తక్కువ ఉండటం అందులో కొంత కారణమట, అదొక్కటే కాదట. నెలసరి ఆగే వయసు దగ్గరపడుతోంది, ఆ తరవాత ఆడవాళ్ల ఎముకలు ఎలాగూ గుల్లబారతాయి. అందుకే నడకతో పాటు నీళ్ల సీసాలు ఎత్తి దించే వ్యాయామం చేస్తున్నాను. డి విటమిన్ గుళికలు జెలటిన్‌తో, అంటే జంతువుల ఎముకలూ తోళ్ల నుంచి తీసిన దానితో చేస్తారని తెలిసి పొడి రూపంలో తీసుకున్నాను. తీరా ఆ పొడిలోని డి3 గొర్రె ఉన్నికి ఉండే కొవ్వు నుంచి వస్తుందట. తెలిశాక కూడా తాగాను.

మా వీధిలో ఒక అమ్మాయి నన్ను చూసి పాలు మానేస్తానంది. మూడో నెల గర్భిణి. బి12 లేకపోతే దెబ్బ తనతో ఆగదు, కడుపులో బిడ్డకూ, తరవాత చనుబాలు తాగే పసివాడికీ తగులుతుంది. "ముందు డాక్టరును అడిగిరా, ఆ తరవాత నా దగ్గరకు రా" అని పంపించేశాను. ఆమె పాలు మానలేదు. నాకు సంతోషమే.

మా అత్తగారి గురించి చెప్పి ఆపుతాను. ఆవిడకు డెబ్బై ఒకటి. నా తిమ్మిరి గొడవంతా దగ్గరుండి చూశారు. పోయినేడు ఒక రాత్రి మంచం మీద కాళ్లు రుద్దుకుంటూ, "నాకూ ఎప్పటి నుంచో చీమలు పాకుతున్నట్టే ఉంటుందమ్మా, వయసేమో అనుకున్నాను" అన్నారు. భీమవరం తీసుకెళ్లాను. బి12 164. రోజూ పెరుగు తినే మనిషి, చేపలు వండని వారం లేని ఇల్లు. వయసు మీద పడితే కడుపులో ఆమ్లం తగ్గి బి12 సరిగ్గా పట్టదని డాక్టరమ్మ చెప్పింది. తరవాత, "చేపలు తింటారా పెద్దమ్మగారూ?" అని అడిగింది.

"తింటానమ్మా."

"ఎన్ని ముక్కలు?"

అత్తగారు నా వైపు చూశారు. నా జవాబే ఆవిడ జవాబు కూడా. పులుసు మాకు, ముక్కలు వాళ్లకు. పెరుగు అంటే పిల్లలకూ మగవాళ్లకూ మీగడతో వేశాక, గిన్నె అడుగున నీళ్లు పోసి చిలికిన మజ్జిగ.

ఇప్పుడు ఇద్దరి మాత్రలూ ఒకే డబ్బాలో, ఉప్పు జాడీ పక్కన ఉంటాయి. నేను మరిచిపోతే ఆవిడ గుర్తు చేస్తారు.

ఈ ఏడు గోదావరికి ఎర్రనీరు వచ్చాక మా ఆయన ఒక పులస తెచ్చారు. ఎంత పెట్టి కొన్నారో చెప్పలేదు, నేను అడగలేదు. మట్టిదాకలో బెండకాయలు వేసి నేనే పులుసు పెట్టాను, ఎప్పటిలాగే ఉప్పు అత్తగారు చూశారు. పులస పులుసు మర్నాటికే రుచి అంటారు కాబట్టి రాత్రంతా పొయ్యి మీదే ఉంచాం. పొద్దున నేను వేరుసెనగ పెరుగుకు తాలింపు పెడుతుంటే ఆవిడ వంటింట్లోకి వచ్చారు. ఇంకా ఎవరూ కూర్చోలేదు. దాక మూత తీసి, గరిటెతో కలియబెట్టకుండా, పక్కగా ఒక నడిముక్కను ఎత్తి తన గిన్నెలో వేసుకున్నారు. కాసేపు ఆగి, గుడ్లున్న ఇంకో ముక్క.

"మీ ఆయన అడిగితే పిల్లి తిందని చెప్పు" అన్నారు.